ఒక్తోవినా ఇంట్లో గురువారం కూడిక

గురువారం వచ్చిందంటే ఒక్తోవినాకు పొద్దున్నుంచే నడుం లాగడం మొదలయ్యేది. రోజంతా బట్టల కొట్లో నిలబడి, ఇంటికి వచ్చీ రాగానే కుర్చీలు వేయాలి, కజ్జికాయల్లా మడిచిన జలంకోతేలు వేయించాలి, టీకి నీళ్లు పెట్టాలి. తాముండే మకస్సర్ నగరం కోసం ప్రార్థన చేసే కూడిక ఆమె ఇంట్లోనే జరుగుతుంది. మొదలుపెట్టినవాడు ఆమె భర్త మార్తెన్. అతను పోయాక కూడిక ఆమె నెత్తిన పడింది. దేవుడి పనిని బరువు అనకూడదు కాబట్టి, అనకుండానే మోస్తోంది.

ఏళ్ల తరబడి ఇంత చేసినా ఊరేమన్నా మారిందా అంటే, ఏమీ మారలేదు. ఓడరేవు ఓడరేవులాగే ఉంది, మసీదులు నిండుతూనే ఉన్నాయి. బుగిస్ వాళ్లు, మకస్సర్ వాళ్లు, చీనా వాళ్లు, తనలాగా తోరాజా కొండలు దిగి వచ్చినవాళ్లు ఎవరి బతుకు వాళ్లు బతుకుతున్నారు. ఆమె ఇల్లున్న సందులోంచి ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఆమె వేసిన కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, దేవుడితో కూడా.

ఈ మధ్య వచ్చిన పాస్టరు యెరెమియా కుర్రవాడు, గొంతున్నవాడు. ఆ కూడికలో అందరూ ఒకేసారి, ఎవరి ప్రార్థన వాళ్లు బిగ్గరగా చేయడం మొదటినుంచీ ఉన్న అలవాటే. దానికి యెరెమియా ఒక మైకూ, సౌండు బాక్సూ జత చేశాడు, ఊరు వినాలని. మధ్యమధ్య పక్కింటి చెక్కగోడ ధబ్బుమనేది. "చూశారా, శత్రువుకి, ఆ సాతానుకి, మంట పుట్టింది! ఇంకా గట్టిగా!" అనేవాడు. ఇల్లు ఎగిరిపోయేది.

ఆ గురువారం సాయంత్రం పక్కింటి నాయ్ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో, అరటిపండు గుజ్జు ఆకుల్లో చుట్టి ఉడికించిన బరొంకో పళ్లెం. నాయ్ మొగుడు డేంగ్ లురాంగ్ చేపల రేవులో పని చేస్తాడు. వాళ్లు ముస్లింలు. వాళ్లు తన ఇంట్లో గిన్నె ముట్టుకోవడానికి సందేహించకూడదని ఒక్తోవినా ఈ సందులోకి వచ్చిన దగ్గర్నుంచీ పంది మాంసం వండలేదు. పంది వండని తోరాజా ఇల్లు కూడా ఒక ఇల్లేనా అని సంఘంలో ఆడవాళ్లు దెప్పుతూనే ఉంటారు.

"అక్కా, ఇవాళ కూడిక ఉందా?"

"గురువారం కదే. ఎందుకుండదు, నా ప్రాణానికి."

"ఏం లేదులే, ఊరికే అడిగా."

"ఊరికే అడిగేదానివి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడవు. చెప్పు."

నాయ్ పళ్లెం అటూ ఇటూ తిప్పింది. "మా ఆయన పోయిన శుక్రవారం బండి మీంచి పడ్డాడక్కా. చేపల బుట్టలతో సహా. నడుపుతూనే కునుకు పట్టిందంట. భుజం ఇంత లావున వాచింది. అయినా మానడుగా. తెల్లారకముందే లేచి చేపల వేలానికి పోవాల్సిందే."

శుక్రవారం తెల్లవారుజామంటే, గురువారం కూడిక అయిన కాసేపటికే.

"ఇన్నేళ్లు ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"నేను చెప్తానంటే ఆయన కసిరేవాడు. 'వాళ్లు దేవుణ్ణి తలుచుకుంటుంటే వద్దని చెప్పడానికి నేనెవణ్ణే, నాకు పాపం చుట్టుకోదూ' అనేవాడు. మంచం అటు జరుపుదామంటే జాగా ఏదీ? అలాగే దొర్లుతా ఉంటాడు. దొర్లినప్పుడల్లా మోచెయ్యి మీ గోడకే కొట్టుకుంటది."

ఒక్తోవినాకు ముందు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. శత్రువు శత్రువని ఇన్నాళ్లూ కేకలు పెట్టింది నిద్రపట్టని ఒక మనిషి మోచేతి మీదా!

"ఇవాళ ఒక్కరోజు కాస్త... నేను చెప్పానని మాత్రం ఆయనకి తెలియనీకక్కా" అని నాయ్ పళ్లెం పెట్టేసి గబగబా వెళ్లిపోయింది.

పాస్టరుకు చెబితే ఏమవుతుందో ఒక్తోవినాకు తెలుసు. ఊరవతల ఒక వ్యాపారి తన హాలు ఇస్తానని ఎప్పట్నుంచో అంటున్నాడు. కూడిక అక్కడికి పోతుంది. మొగుడు పెట్టిన దీపాన్ని పెళ్లాం ఊదేసిందని కొండ మీది అత్తవారు కోడై కూస్తారు. చెప్పకపోతే పక్కింటి మనిషి మళ్లీ పడతాడు, ఈసారి లేస్తాడో లేదో. వీటన్నిటి అడుగున ఇంకో ఆలోచన కూడా ఉంది. కూడిక పోతే గురువారం తనూ పెందరాళే పడుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా అది పోలేదు.

అందరూ వచ్చి కూర్చున్నాక ఆమె లేచి మైకు ప్లగ్గు పీకేసింది.

"పాస్టరు గారూ, ఇవాళ చప్పుడు లేకుండా చేద్దాం."

"చప్పుడు లేకుండానా? ఇది ప్రార్థనామ్మా, సంతాప సభా?"

వెనకనుంచి ముసలి బెర్తా అందుకుంది. ఆవిడ నోటికి సంఘమంతా హడలు. "వాళ్ల మసీదు మైకు మనల్ని లేపట్లా? అప్పుడెవరు పీకారు ప్లగ్గు?"

"లేపుతోంది పెద్దమ్మా. చిటికెలో ఆపేస్తున్నారు కూడా. మనం ఆపుతున్నామా?" అంది ఒక్తోవినా. భుజం సంగతీ, మోచేతి సంగతీ మొత్తం చెప్పింది. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు.

యెరెమియా చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ధబ్బు... ఆయన మోచెయ్యా?"

"మోచెయ్యే. ఆ మనిషి రక్షణ కోసం ఆ మనిషినే నిద్రపోనీకుండా ప్రార్థన చేస్తున్నాం, పాస్టరు గారూ."

అతను మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. "అయితే వచ్చే వారం నుంచి హాల్లో పెట్టుకుందాం. అక్కడైతే ఎంత గట్టిగా చేసినా అడిగేవాళ్లుండరు."

అనుకున్నంతా అయింది. ఒక్తోవినాకు ఒళ్లు తేలికైంది, అంతలోనే మార్తెన్ గుర్తొచ్చాడు. "పెట్టుకోండి. నా నడుమూ విరిగిపోయింది. ఇవాళ మాత్రం ఇక్కడే నోరు మూసుకుని కూర్చుందాం. ఈ సందులో మనవల్ల ఒక్క మనిషికి ఒక్క రాత్రి మేలు జరగనివ్వండి."

కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం వాళ్లకెవరికీ చేతకాదు. ఒకరు దగ్గారు, ఇంకొకరు కుర్చీలో కదిలారు. బెర్తా పెదవులు శబ్దం లేకుండా ఆడుతూనే ఉన్నాయి. గోడ అవతల నాయ్ గిన్నెలు సర్దుతున్న చప్పుడు, పిల్లను ఊరుకోబెడుతున్న మాట వినిపించాయి. మంచం కిర్రుమంది. కాసేపటికి గురక మొదలైంది, పడవ ఇంజనులా ఆగి ఆగి. బెర్తా కండువా నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

యెరెమియా కళ్లు తెరిచి గోడకేసి చాలాసేపు చూశాడు. ఒక్తోవినా వైపు వంగి గుసగుసగా అడిగాడు. "ఆయన పేరేంటమ్మా?"

"డేంగ్ లురాంగ్."

అతను పక్కవాళ్లకు చెప్పాడు, వాళ్లు వాళ్ల పక్కవాళ్లకు చెప్పారు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. ఒక్తోవినా కూడా ఎన్నడూ ప్రార్థనలో ఆ పేరు ఎత్తలేదు. ఇవాళ ఎత్తి, దాని తర్వాత ఏం అడగాలో తోచక అక్కడే ఆగిపోయింది.

చాలాసేపటికి యెరెమియా మళ్లీ వంగాడు.

"హాలు వద్దులేమ్మా" అన్నాడు. "అక్కడైతే ఈయన గురక వినపడదు."

ఒక్తోవినా అప్పటికే కుర్చీలోనే నిద్రపోయింది. ఆమెను లేపకుండా ఒక్కొక్కరే చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచారు.