బట్టల దగ్గర మనిషి

"అమ్మా, కుక్కర్ పెద్దది పట్టుకెళ్దామా, చిన్నది సరిపోతుందా?" అని మా అబ్బాయి హాల్లోంచి అడిగాడు. నేనప్పుడు వంటింట్లో ఇడ్లీకి మినప్పప్పు కడుగుతున్నాను. ప్రయాణం ఏప్రిల్ సెలవుల్లో. ఇంకా ఫిబ్రవరి నడుస్తోంది. విమానం టిక్కెట్లు కొనలేదు, ఏ ఊళ్ళో ఆగాలో తేలలేదు. తేలిందల్లా ఒక్కటే, కుక్కర్ వస్తుందని. కుక్కర్ వస్తుందంటే నేనూ వస్తున్నానని అర్థం.

మా వంశీకృష్ణకి నలభై నిండుతున్నాయి. నలభై నిండేలోపు మధ్యధరా సముద్రం ఒడ్డున కారు నడపాలని వాడి కోరిక. ఫ్రాన్సులో నీస్ అనే ఊళ్ళో కారు తీసుకుని, ఒడ్డు వదలకుండా ఇటలీలోకి దిగి, కిందికంటా అమాల్ఫీ దాకా వెళ్ళాలట. న్యూజిలాండ్‌లో మేముండే టకానినిలో సాయంత్రం అయిందంటే అందరూ ఇళ్ళ ముందు గడ్డి కోసుకుంటారు. మా ఇంట్లో మాత్రం భోజనాలయ్యాక టీవీ మీద ఇటలీ మ్యాపు పెట్టుకుని కూర్చోవడం. వాడు ఒక ఊరు నొక్కుతాడు, బొమ్మలు వస్తాయి. అబ్బ, ఏం ఊళ్ళమ్మా అవి. కొండకి బొమ్మలకొలువు మెట్లు కట్టి ఇళ్ళు పేర్చినట్టు ఉన్నాయి. పసుప్పచ్చది, గులాబీరంగుది, ఇటుకరంగుది. నిమ్మకాయలు చూస్తే మన గజనిమ్మకాయలంతేసి ఉన్నాయి. కింద సముద్రం. ఆ నీలం చూస్తుంటే నాకు కాళ్ళు నిలిచేవి కావు. గిన్నె కడుగుతూ కడుగుతూ తడిచేతులతో హాల్లోకి వచ్చి గుమ్మంలో నిలబడేదాన్ని. "నీళ్ళు కారుతున్నాయే, కార్పెట్టు," అనేవారు మా ఆయన కృష్ణారావుగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేదాన్ని. మళ్ళీ వచ్చేదాన్ని.

వాడు ఇల్లు వెతికే పద్ధతి చూడాలి. ముందు కిచెన్ ఉందా అన్నది నొక్కుతాడు. కిచెన్ లేని ఇళ్ళన్నీ మాయమైపోతాయి. సముద్రం కనిపించే ఇళ్ళు కూడా వాటితోపాటే మాయమైపోతాయి. "నాన్న బ్రెడ్డు మీద రెండు రోజులు కూడా ఉండలేరు కదమ్మా," అంటాడు. నిజమే, ఉండలేరు. మా కోడలు ఆశాజ్యోతి ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ నుంచి వచ్చి కళ్ళు మూసుకుపోతున్నా పక్కన కూర్చుని బుక్ చేస్తుంది. "అత్తయ్యా, మీరుంటే నాకు ధైర్యం," అంటుంది. అదీ నిజమే. ఇన్నేళ్ళ కాపురంలో నేను కనిపెట్టిందేమిటంటే, వీళ్ళు చెప్పే కారణాలు ఎప్పుడూ న్యాయంగానే ఉంటాయి. అన్యాయంగా ఉంటే పోట్లాడి ఉందును.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఒరేయ్, మనం పోయే దారిలో సముద్రం ఏ వైపున ఉంటుంది?"

మా ఆయన నవ్వారు. "ఏ వైపునుంటే నీకెందుకే? కారెక్కితే నిద్రపోతావుగా."

"కుడివైపు అమ్మా," అన్నాడు వంశీ.

"మరి నేను ఏ వైపున కూర్చుంటాను?"

వాడు వేళ్ళతో కారు గీసి చూపించాడు. ముందు వాడూ, నాన్నా. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ముందు. మధ్యలో ఆశ, మనవరాలు ప్రణీత. వెనక మూడో వరుసలో నేనూ, రెండేళ్ళ మనవడు సృజన్‌గాడూ, మా కాళ్ళ దగ్గర కుక్కర్ సంచీ. "అక్కడ బండ్లన్నీ కుడివైపున పోతాయమ్మా. పేవ్‌మెంటు కుడివైపు వస్తుంది. పిల్లాణ్ణి దించడానికి సేఫ్. అందుకని సృజన్ సీటు కుడివైపు."

అంటే నాకు కొండ. అమాల్ఫీ దాకా కొండరాయి. పిల్లాడికేమో సముద్రం, వాడు కారెక్కితే పట్టుమని పది మైళ్ళు కూడా మెలకువగా ఉండడు.

మీకు ఒక పాత ముచ్చట చెప్పాలి. నా పెళ్ళయిన ఏడాది, కార్తీక పౌర్ణమికి మా అత్తగారు అందర్నీ మంగినపూడి సముద్ర స్నానానికి బయల్దేరదీశారు. గుడివాడ నుంచి బందరు బస్సు, అక్కణ్ణుంచి జట్కా. నేను ఐదో తరగతితో చదువు మానేసినదాన్ని, అప్పటికి సముద్రం చూళ్ళేదు. దారంతా ఆ హోరు ఎప్పుడు వినపడుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. తీరా ఇసకలో దిగాక అత్తగారు చీరల మూట నా ఒళ్ళో పెట్టారు. "బట్టల దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా అమ్మాయ్." ఆడపడుచుల గొలుసులు కొంగున ముడేసుకున్నాను. మరిది వాచీ జారిపోకుండా నా చేతికే పెట్టుకున్నాను. చెప్పులన్నీ జతలు జతలుగా సర్దాను. వాళ్ళు నీళ్ళలో మునుగుతూ కేకలు పెడుతుంటే, ఒక అల నా కాలి వేళ్ళ దాకా వచ్చి, తాకకుండానే వెనక్కి పోయింది. వచ్చాక అత్తగారు తడిచెయ్యి నా నెత్తిమీద విదిలించారు. "నీకూ వచ్చేసిందిలే పుణ్యం," అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. తిరుగు దారిలో మా ఆయన, "ఎంత బాగుందే సముద్రం," అన్నారు నాతో. నేను కూడా బాగుందన్నాను.

ప్రణీత పుట్టినప్పుడు పురిటికి వచ్చి ఈ దేశంలో ఉండిపోయాం. వచ్చిన దగ్గర్నుంచీ వంశీ మమ్మల్ని తిప్పని చోటు లేదు. అది కాదనను. మళ్ళీ ప్రతి చోటా కుక్కరే. ఒకసారి దక్షిణాన ఒక మోటెల్లో పొద్దున్నే పప్పుకి తాలింపు వేశాను. ఆవాలు చిటపటమన్నాయి, పైన గోడమీద పొగ పసిగట్టే డబ్బా కుయ్యోమని ఏడ్చింది. అంతే, మోటెలంతా నైటీలతో, పైజమాలతో చలిలోకి వచ్చి నిలబడింది. మంటలార్పే ఎర్ర బండి కూడా వచ్చింది. "పప్పులో తాలింపు లేకపోతే నాన్న తినరమ్మా," అని రాత్రి చెప్పినవాడే, ఆ మోటెల్ ఆయనతో, "సారీ, మై మదర్ డిడంట్ నో," అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ ముక్క అర్థమైంది. తాలింపు మాత్రం ఆరోజు అందరూ తిన్నారు.

వంశీ కారు గీసి చూపించిన వారంలోనే ప్రణీత బడినుంచి వస్తూ ఒక పని తెచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, న్యూజిలాండ్‌లో వాళ్ళకి నచ్చిన చోటు గురించి క్లాసులో చెప్పాలట. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం సగం సగం.

"మామ్మా, నీ ఫేవరెట్ ప్లేస్ చెప్పు. మిల్‌ఫర్డ్ సౌండ్? అది అందరికీ ఫేవరెట్."

"చూశానమ్మా. అక్కడ పెద్ద పచ్చ పక్షి ఉంటుంది, రామచిలకకి మామగారిలాగ. కారు అద్దం చుట్టూ రబ్బరు పీకుతుంది. గొడుగు పెట్టి కొట్టాను. పోయినట్టే పోయి మళ్ళీ వస్తుంది దొంగముండ."

పిల్ల పకపకా నవ్వింది. "ఇంకా?"

"ఇంకా రోటరువా, ఆ వేడినీటి బుగ్గల ఊరు. కోడిగుడ్డు కుళ్ళిన వాసనొస్తే అద్దం ఎత్తేశాను. ఆ జలపాతం ఉంది చూడు, హుకానో ఏదో, దాన్ని విన్నాను. బాగా గట్టిగా వినపడుతుంది. పైన ఈ దేశం చివర దీపస్తంభం దగ్గరైతే బస్సులు చాలా ఆగుతాయి. బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, పేపరు ఎప్పుడూ అయిపోదు."

ప్రణీత నవ్వు ఆగిపోయింది. "నో మామ్మా. దట్స్ ద కార్ పార్క్. నువ్వు అన్నీ కార్ పార్క్ చెప్తున్నావ్. ఐ మీన్, ఆ వాటర్? మౌంటెన్?"

"మీరొచ్చి చెప్పేవాళ్ళుగా, బాగుందని."

ఆ పక్కనే ఆశ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. పెట్టె గుడ్డమీద ఆగిపోయింది, నేనే పైకెత్తమని చెప్పాల్సొచ్చింది. నా మటుకు నేను మామూలుగానే చెప్పాను సుమండీ. చెబుతున్నప్పుడు కూడా నాకు తోచలేదు. పిల్ల ఆ మాట అన్నాక తోచింది. మొదట ఒళ్ళో ప్రణీత నిద్రపోయేది, ఇప్పుడు సృజన్‌గాడు నిద్రపోతున్నాడు. "అమ్మా, పిల్ల పడుకుంది, లేపితే ఏడుస్తుంది. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం." ఆ ఐదు నిమిషాల్లో నేను ఈ దేశంలో ఉన్న పార్కింగులన్నీ చూశాను.

అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. పెరట్లోకి వెళ్ళి ఆరిన బట్టలు తియ్యకుండానే తిరిగొచ్చాను. నేను రానని చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే ఏమవుతుంది? "పాపం అమ్మకి ఓపిక లేదు," అంటారు, పక్కింటివాళ్ళకీ అదే చెబుతారు. నాకు ఓపిక లేకనా? ఆ నీలం దగ్గరికి నడిచే ఓపిక నాకు బోలెడుంది. నా బాధల్లా అంత దూరం, అన్ని విమానాలెక్కి వెళ్ళి, ఇటలీ కార్ పార్కులు చూసి వస్తానేమోనని.

శుక్రవారం చపాతీలు ఒత్తుతుంటే ఆశ వచ్చి పక్కన నిలబడింది. "అత్తయ్యా, ఈసారి మనం వంతులేసుకుందాం. ఒక చోట మీరు దిగండి, ఒక చోట నేను దిగుతాను. పిల్లాడి దగ్గర మార్చి మార్చి ఉందాం."

ఆ పిల్ల మొహం చూస్తే జాలేసింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇది ఆలోచించింది. "అలాగేలే అమ్మా," అన్నాను. అన్నాక చపాతీ గుండ్రంగా రాలేదు. కారులో పెద్దవాళ్ళం నలుగురం. వంతులు ఇద్దరికే వేసుకోవాలని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పకపోతే నాకూ అలాగే ఎందుకు తోచింది, అలాగే అని నోటికెందుకు వచ్చింది?

శనివారం వంశీ ఏడు సీట్ల కారు అద్దెకి తెచ్చాడు. సామాను పడుతుందో లేదో చూడాలట. "టెస్ట్ చెయ్యకుండా నేనేదీ లైవ్ చెయ్యనమ్మా," అన్నాడు, వాడి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉన్నట్టే. ఉత్త పెట్టెలు నాలుగు ఎక్కించాడు. కుక్కర్ కూడా పెట్టమన్నాడు. గీసి చూపించినట్టే కూర్చుని మరాఎటాయ్ బీచికి బయల్దేరాం. ముందు మా ఆయన దారి పొడుగునా బోర్డులు చదువుతున్నారు, చదవకపోతే బండి తప్పిపోతుందన్నట్టు. వెనక సృజన్‌గాడు సముద్రం కనపడకముందే తల వాల్చేశాడు.

కారు నీళ్ళకి ఎదురుగా, చెట్టుకింద ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఉప్పుగాలి లోపలికొచ్చింది. వంశీ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "అమ్మా, వాడు పడుకున్నట్టున్నాడు. ఐదు నిమిషాలు."

ఆ మూడో వరుసలో ఒక తిరకాసు ఉంది. ముందు సీటు ఎవరైనా మడిస్తేగానీ లోపలివాళ్ళు బయటికి రాలేరు. నేను బెల్టు తీసుకున్నాను. "ప్రణీతా, ఈ సీటు ఎలా మడుస్తారో మడువమ్మా."

పిల్ల ఒక పిడి లాగింది. సీటు ముందుకి పడింది. ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు పట్టుకుని, రెండో చెయ్యి దాని భుజం మీద వేసి దిగాను. మోకాళ్ళు నావీ కటకటలాడాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

వంశీ, "బాత్రూముకా అమ్మా?" అన్నాడు.

"కాదురా. సముద్రానికి."

ఆశ రెండడుగులు వేసినదల్లా వెనక్కి తిరిగింది. "నేనుంటాలెండి అత్తయ్యా, మీరెళ్ళండి." దాని చెయ్యి పట్టుకున్నాను. "వద్దు. నువ్వూ రా."

"మరి పిల్లాడో?" అన్నారు మా ఆయన, ఇంకా ముందు సీట్లోనే ఉండి, ఒక కాలు బయట పెట్టి.

"మీ మోకాళ్ళకి ఇసక పడదు కదండీ. మీరుండండి. నీలం సంచీలో పాలసీసా ఉంది. లేస్తే వీపు తట్టండి, ఫోను మాత్రం చేతికివ్వకండి. ఎండ ఇటు తిరిగితే తలుపుకి తువ్వాలు అడ్డం పెట్టండి."

ఆయన వంశీ వంక చూశారు. వంశీ నా వంక చూశాడు. వాడి మొహంలో కోపం లేదు, లెక్క తప్పినప్పుడు కంప్యూటర్ వంక చూస్తాడే, అలా ఉంది. "నాన్నకి అలవాటు లేదమ్మా," అన్నాడు చివరికి.

"ఇప్పుడు టెస్టింగే కదరా," అన్నాను.

చెప్పులు విప్పి కారు పక్కనే పెట్టాను. జతగా సర్దలేదు. ఇసక వేడిగా ఉంది, నాలుగడుగులు వేస్తే తడి తగిలింది. ఆశ చెయ్యి నేను వదల్లేదు. ప్రణీత అప్పటికే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "కమ్ మామ్మా," అని అరుస్తోంది.

వెనకనించి మా ఆయన గొంతు వినిపించింది. "ఏమే నాగమణీ, ఎంతసేపు?"

నేను వెనక్కి తిరగలేదు.

"ఐదు నిమిషాలు," అన్నాను.