పడినవాడి పొట్లం

మధ్యాహ్నం పన్నెండు దాటి నలభై నిమిషాలు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వాన అప్పుడే వెలిసింది. గాలి లేదు, వంతెన మీద తారు ఆవిరి కక్కుతోంది. ఇళ్లకు భోజనం చేర్చే ఎద్నాల్దు బస్సు తగిలి బండితో సహా పడ్డాడు. అదే పని మీద తన బండితో వెనకే వస్తున్న జుసిలేని అతని తల ఒళ్లో పెట్టుకుంది.

“అక్కా, కూర చల్లారిపోద్ది,” అన్నాడతను.

అంబులెన్సు అతన్ని తీసుకుపోగానే ఆమె అతని ఫోను, సంచి అందుకుంది. పడినవాడి పొట్లం పక్కవాడు చేర్చాలన్నది బండివాళ్లు తమకు తామే పెట్టుకున్న ఆచారం. ఫోనులో ఆర్డర్లు పంపే కంపెనీ ఈ బండివాళ్లను ఉద్యోగులనలేదు, ‘భాగస్వాము’లంది. కనుక తామెవరో చెప్పుకోవడానికి వాళ్లకు మిగిలింది ఈ మాట నిలబెట్టుకోవడం ఒక్కటే. జుసిలేని ఒకటిన్నరకు కూర అందించి, ఆర్డరు చేరిందనడానికి గుర్తుగా తలుపు తీసినామె చెప్పిన అంకెలు అతని ఫోనులో నొక్కింది. అప్పటికే ఆసుపత్రి దారిలో ఎద్నాల్దు ప్రాణం పోయింది.

కంపెనీ గుమస్తా అతని భార్య వాల్దిసెతో మర్యాదగానే మాట్లాడాడు. “మనిషి పోయింది ముందు, ఆర్డరు చేరింది తర్వాత. అంటే ఆయన ఖాతా ఇంకెవరో వాడారు. నిబంధనలు ఒప్పుకోవండీ. బీమా రాదు.”

ఆ సాయంత్రం వంతెన కింద బండివాళ్లు గుమిగూడారు. వాల్దిసె కూడా వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది.

“నేనే చేశా,” అంది జుసిలేని.

“నువ్వు కాకపోతే నేను చేసేవాణ్ని,” అన్నాడు ముసలి సెవెరీనో. “చచ్చేవాణ్ని వదిలి కూరని కాపాడే శూరులం మనం. కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?”

“ఆకలితో ఎదురుచూసేవోళ్ల సంగతో?” అన్నాడు ఇంకొకడు. “ఆ మాట కూడా పోతే మన దగ్గర ఏముంది మామా?”

వాల్దిసె తలెత్తింది. “మాట ఇచ్చింది కూరకా, మనిషికా?”

ఆచారం అక్కడే మారింది. ఇకపై పడినవాడి పొట్లం ఎవరూ ముట్టరు. దాని పక్కనే అందరూ ఆగుతారు.

వారం తిరక్కుండా అదే వంతెన మీద ఒక కుర్రవాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. అతన్ని ఆసుపత్రికి పంపారు, సంచిని రోడ్డు మధ్యనే వదిలారు. బండ్లు ఒక్కొక్కటే వచ్చి దాని చుట్టూ ఆగాయి. వంతెన నిండిపోయింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

“ఎవరిదమ్మా ఈ సంచి? తియ్యి,” అన్నాడు పోలీసు అధికారి జుసిలేనితో.

“పనిలో పడ్డవాడిది సారూ. ‘వాడు మా పనివాడే’ అని ఒప్పుకుని కంపెనీవాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి.”

“నీకేమవుతాడు?”

“ఇందాకటిదాకా పేరు కూడా తెలీదు,” అంది జుసిలేని.

ఆమెను వ్యానెక్కించారు. సెవెరీనో పిలవకుండానే వెనక ఎక్కాడు. అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. తలుపు మూసుకోలేదు.

నాలుగేళ్ల తర్వాత, వాల్దిసె వేసిన కేసులో, ఎద్నాల్దు పనిలోనే మరణించాడని కార్మిక న్యాయస్థానం తీర్పిచ్చింది. అప్పటికి జుసిలేనికి ఏ కంపెనీ కూడా ఖాతా ఇవ్వడం లేదు. ఆమె బస్సు డిపో ముందు కాఫీ అమ్ముకుంటోంది.