చేతికీ కత్తికీ మధ్య

ఎనిమిదో రక్తపు మరకను గోడకు నలభై మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మిల్లీమీటరు మామ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకొక్క మరక, కత్తి మిగిలాయి. ఒంటిగంటకు పటం కోర్టుకు వెళ్లాలి.

పోలీసు కార్యాలయం వెనక, ఇనుప బీరువాకీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పని ఇదే. హత్య జరిగిన చోటికి వెళ్లి కొలతలు తేవడం, పైనుంచి చూసినట్టు ఆ గదిని గీయడం. మొదట్లో పెన్సిలుతో గీసేవాడు. నలభై ఆరో ఏట కంప్యూటరు ముందు కూర్చుంటే ఆఫీసంతా నవ్వింది. ఆర్నెల్లలో అందరి నోళ్లూ మూయించాడు. గొడ్డలి కానీ, పగిలిన సీసా కానీ, తెగిపడిన చెయ్యి కానీ, దేన్నీ మౌసుతో లాగి ఉజ్జాయింపుగా వదిలేవాడు కాదు. అడ్డం ఎంత, నిలువు ఎంత అని గళ్లలో అంకెలు కొట్టేవాడు. వస్తువు వెళ్లి తన చోట కూర్చునేది. ఎడం సమంగా పంచే బటన్ నేలమీది పలకలకూ కిటికీ ఊచలకూ మాత్రమే వాడేవాడు. వస్తువును దగ్గర్లోని గీతకు అతికించేసే సౌకర్యాన్ని ఎప్పుడూ ఆపేసి ఉంచేవాడు. మనుషులు నరుక్కున్న చోట పడ్డవేవీ గీతకు అతుక్కుని పడవు.

ఇంట్లోనూ అదే తీరు. భోజనానికి కూర్చోగానే మంచినీళ్ల గ్లాసును కంచం అంచుకు సరిగ్గా జరుపుకునేవాడు. "అది శవం కాదండీ, కంచం. ముందు తినండి" అనేది భార్య.

ఈసారి చనిపోయింది వాషింగ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్కు. ఇరవై నాలుగేళ్లు. పోలీసులు ఎవరినో వెతుకుతూ అతని గదిలోకి దూరి మూడు గుండ్లు పేల్చారు. ఒకటి గొంతును చీల్చుకుపోయింది. కత్తితో మీదికొచ్చాడని ఇన్‌స్పెక్టరు రాశాడు. నిన్న మామ ఆ నెత్తుటి మధ్య మోకాళ్లమీద పాకుతూ కొలతలు తీశాడు. టేపు రెండో కొస కానిస్టేబులమ్మ పట్టుకుంది. మెకానిక్కు వేళ్ల కొసనుంచి కత్తి రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు. మంచం కింద ఉంది. ఒరలోంచి తియ్యనైనా లేదు.

ఇన్‌స్పెక్టరు తలుపు తోసుకుని వచ్చాడు.

"అయిందా మామా?"

"ఒక మరకా, కత్తీ ఉన్నాయి సార్."

"దాన్ని చేతి దగ్గరికి జరుపు. పది సెంటీమీటర్ల దూరంలో పెట్టు చాలు. ఒర గియ్యకు."

"అది మంచం కింద కదా సార్ ఉంది."

"ఇక్కడ తెరమీద జానెడు లేదు. జరిపితే నీ సొమ్మేం పోయింది?"

"తెరమీద జానెడే సార్. ఆ గదిలో రెండు మీటర్లు."

ఇన్‌స్పెక్టరు మళ్లీ అడగలేదు. మౌసు మీదున్న మామ కుడిచేతిని పట్టి సొరుగులో పెట్టాడు. మోకాలితో సొరుగును మూశాడు. తెరిచి మళ్లీ మూశాడు. సుద్దముక్కలు విరిగినట్టు చప్పుడైంది. మామ అరవబోయేలోగా మెడ వంచి తలను బీరువా మూలకేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, ఊపిరి తీసుకుని మూడోసారి. తర్వాత తనే వంగి, మౌసుతో కత్తిని చేతి పక్కకు లాగి వదిలాడు. కొలతల పుస్తకంలో పేజీలు చింపి జేబులో కుక్కుకున్నాడు.

"కోర్టు మనిషొస్తాడు. సంతకం పెట్టి కవరివ్వు" అని రుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

కానిస్టేబులమ్మ తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, ఆస్పత్రికి వెళ్దాం పదండి."

"కత్తి కొలత నీకు గుర్తుందా అమ్మా?"

ఆమె గుమ్మం వైపు చూసింది. "రెండు మీటర్ల పద్నాలుగు" అంది, గొంతు తగ్గించి.

"నాకూ అంతే. అయితే సరిగ్గానే ఉన్నట్టు."

అతనికి భయం లేక కాదు. చెవిలోంచి ఏదో వెచ్చగా కాలరులోకి దిగుతోంది. కానీ ఇన్‌స్పెక్టరు లాగి వదిలిన కత్తి, నేల పలకల మీద వంకరగా, ఎక్కడా లేని చోట పడి ఉంది. దాన్ని అలా వదిలేస్తే తను చూడని గదిని గీసినట్టవుతుంది. మెకానిక్కు వేళ్ల దగ్గర కొలతకు సున్నా పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టాడు. కత్తి మంచం కిందికి వెళ్లిపోయింది. తొమ్మిదో మరక పెట్టాడు. ఒర గీశాడు. మూడు ప్రతులు తీసి, బడిలో చేరిన పిల్లాడి రాతలాంటి రాతతో సంతకం పెట్టి, కింద రాశాడు: "కుడిచేతి వేళ్లు ఈ ఉదయం సొరుగులో పెట్టి విరవబడినందున ఎడమచేత్తో సంతకం చేయడమైనది." కవరు అంటించి కోర్టు మనిషి చేతికి స్వయంగా ఇచ్చాడు.

ఫోను మోగింది. భార్య.

"గొంతేంటండీ అలా ఉంది?"

"కాస్త తలనొప్పి. వచ్చేస్తున్నా."

"రండి. తలకు పట్టు వేస్తా."

ఆస్పత్రికి తీసుకెళ్తానని కానిస్టేబులమ్మ బతిమాలింది. ఇంటికెళ్లి భార్యను వెంటబెట్టుకుని వెళ్తానన్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని అద్దానికి తల ఆనించాడు. అతని స్టాపు వచ్చి వెళ్లిపోయింది. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టి, "పెద్దాయనా, దిగాలి" అన్నాడు. ఇంకోసారి తట్టాడు. తర్వాత డ్రైవరును పిలిచాడు.

ఎనిమిది నెలలకు ఆ పటం కోర్టులో గోడమీద వేలాడింది. కొలతలు తప్పంటూ ఇన్‌స్పెక్టరు వకీలు గంటసేపు వాదించాడు. కానిస్టేబులమ్మ బోనెక్కి టేపు రెండో కొస తనే పట్టుకున్నానని చెప్పింది. సొరుగు సంగతీ, బీరువా సంగతీ చెప్పింది. అప్పటికే ఆమెను మూడుచోట్లకు బదిలీ చేశారు. సాయంత్రం ఇన్‌స్పెక్టరును వెనక గుమ్మంలోంచి జైలుకు తీసుకెళ్లారు.

మామ చనిపోయిన రోజు భార్యకు మనిషిని ఒంటికాలి బూటుతోనే అప్పగించారు. రెండోది బస్సులోంచి దింపేటప్పుడు మెట్టుకు తట్టుకుని ఊడిపోయింది. ఎవరైనా వస్తారని కండక్టరు దాన్ని డిపోలో, పోయిన వస్తువుల అరలో పెట్టాడు. గొడుగులకూ ఎవరిదో హెల్మెట్టుకూ మధ్య అది ఇంకా అక్కడే ఉంది. ఎడమకాలిది, మడమ ఒకవైపు అరిగినది, తాడు రెండు ముళ్లతో బిగించి ఉన్నది.