ఊదారంగు సీలు

అజ్మత్ అలీకి దునియాల నచ్చిన మెకానిక్ ఒక్కడే, ఆయన పేరు కూడ అజ్మత్ అలీనే. సంతోష్‌నగర్‌ల నలభై ఏండ్లసంది టీవీలు బాగుచేస్తున్నడు. ఇప్పటోళ్ళు ఆయన లెక్కల మెకానిక్కులే కారు, బోర్డు పీకి బోర్డు పెట్టే హమాలీలు. పేపరోళ్ళు సిరా కాడ కక్కుర్తి పడుతున్నరట, అందుకే అక్షరాలు పలచగయినయట. బల్బులోళ్ళు దొంగలైన్రట, దుకాణంల ఎన్ని బల్బులు పెట్టినా ఎలుతురు సాల్తలేదట. బిడ్డ రఫియా మూడుసార్లు కంటి దవాఖానకు పోదామన్నది. "తాతకు దగ్గులు నేర్పకు" అన్నడు, మూడుసార్లూ.

రఫియాకు పనంత వస్తది. కాని అద్దం పట్టుడు, సీలు పెట్టుడు తప్ప ఇంకోటి ముట్టనియ్యడు. ఆడపిల్ల చెయ్యి ఒణుకుతదంటడు. పద్దెనిమిదేండ్ల కింద నేర్సుకున్న పనికి ఇప్పటిదాక స్క్రూలు తిప్పే పేచ్‌కస్ పట్టనియ్యలె, గదీ ఆయన న్యాయం.

ఆ పొద్దు జహనుమా నుంచి ప్రేమ్‌రాజ్ ఫోన్ చేసిండు. చాయ్ హోటల్ ఆయనది. మూలకు వాళ్ళ బాపు కాలంనాటి వీడియోగేమ్ డబ్బా ఉన్నది, మనిషెత్తుది, లోపల బరువైన పాత పిక్చర్ ట్యూబు. బొమ్మ ఖరాబైంది, ఇయ్యాల బాగుగాకుంటే నయాపూల్ మెకానిక్ తారిక్‌ను పిలుస్తనన్నడు. ఆ పేరు ఇనంగనే అజ్మత్ అలీ పేచ్‌కస్ జేబులేసుకుని బయలెల్లిండు, ఎనుక రఫియా.

"ఆకాశం నల్లగుండాలె గద భాయ్, బూడిద రంగైంది. మీదికెళ్ళి ఏటవాలు తెల్లగీతలు. సుక్కలైతే కనబడుతనే లేవు" అన్నడు ప్రేమ్‌రాజ్. ఇమానాల ఆట అది.

అజ్మత్ అలీ తెర దిక్కు సూడను గూడ సూడలె. "స్క్రీన్ నాబు పెంచిండు ఏ గాడిదో. ఎలుతురు సాల్తలేదని తిప్పుతరు బేవకూఫులు. నలుపు సస్తది, గీతలు బయటపడ్తయ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మళ్ళ ట్యూబుదే తప్పంటరు. తారిక్ గాడు వచ్చిండా ఏంది?"

"లేదు భాయ్. రంజాన్ ముంగట మీరే చేసిన్రు. తర్వాత ఎవ్వలు ముట్టలె."

చాయ్ తాగేటోళ్ళు తల తిప్పి సూసిన్రు. అజ్మత్ అలీకి మండింది.

"నా చెయ్యి పడ్డది గిట్లుంటదా? నా పని మీద సీలుంటది. నాబులన్ని సరిజేసి, కదలకుంట రఫియా గోళ్ళరంగు ఒక్క సుక్క పెట్టిస్త. సీలు పగిలిందా, ఎవడో ముట్టిండు. పగల్లేదా, గీ పేచ్‌కస్ మళ్ళ ముట్ట. నలుగురి ముంగట అంటున్న."

కరెంటు తీసి, జర ఆగి, ఎనుక చెక్క ఇప్పిండు. రఫియా ఫోన్ లైటు పట్టింది. స్క్రీన్ నాబు మీద ఊదారంగు సుక్క, పెట్టిననాటి లెక్కనే ఉన్నది. అబ్బా పరువు నిలుపుదామని రఫియా బొటనగోరు దాని మీద ఆనించి, "పగిలింది అబ్బా" అన్నది గబగబ.

"చెయ్ తియ్."

ఏలుతోని తడిమిండు. గుండ్రంగ, నున్నగ, ఏడా నెర్రె లేదు. మళ్ళ తడిమిండు. అంటే నాబు పెంచిన గాడిద తనే. తారిక్ కోసం దాసుకున్న తిట్లు మస్తున్నయి, ఒక్కటి గూడ వేస్టు పోలె, అన్ని తననే తిట్టుకున్నడు.

"పగల్లె" అన్నడు, హోటలంత ఇనేటట్టు. పేచ్‌కస్ రఫియా చేతిల పెట్టిండు.

నాబులు ఎనుక, బొమ్మ ముంగట. అందుకే ముంగట ఒకరు అద్దం పట్టాలె. ఇన్నేండ్లు రఫియా పట్టిన అద్దం ఇప్పుడు అజ్మత్ అలీ పట్టిండు. కరెంటు ఇచ్చిన్రు.

"ఒక చెయ్యి జేబుల పెట్టుకో. రెండు చేతులు పెడితే షాక్ గుండెకు పోతది" అన్నడు. "సీలు గీకు. నాబు మెల్లగ తగ్గించు, గీతలు పొయ్యేదాక."

"పోయినయి."

"ఇంకింత. ఆకాశం కాటుక లెక్క గావాలె."

"అయింది అబ్బా. ఇగ సాలు."

చాయ్ తాగేటోళ్ళు లేసొచ్చి తెర ముంగట నిలబడ్డరు. సుక్కలు లెక్కపెట్టొచ్చన్నడు ఒకాయన. గిదీ పనంటే అన్నడు ఇంకొకాయన. రఫియా చెయ్యి కొంచెం గూడ ఒణకలె.

ఆమె సంచిల నుంచి గోళ్ళరంగు సీస తీసింది. "ఒకపారి సూడు అబ్బా. మంచిగుంటే సీలు పెడ్త."

అజ్మత్ అలీ అద్దం దించి తెర ముంగటికొచ్చిండు. ముక్కు తాకేటంత దగ్గరికి వంగిండు. ఆయనకు డబ్బా బంద్ జేసినట్టే ఉన్నది.

"మస్తుగున్నది" అన్నడు. "పెట్టు. కాని ఊదారంగు పెట్టకు బేటా, అది గుడ్డోని సీలు."