బయట కూర్చునే నాళ్ళు

“ఇంక నీకు ఆ పీడ విరగడైపోయినట్టే మునెమ్మా. ఈసారి ఆడికృత్తికకు దిగుల్లేదు, పొయ్యి కాడ్నే ఉంటావు” అన్నది మా అత్త చెంగమ్మ, నేను రాగులు విసురుతుంటే. ఆమె గొంతు నిండా సంతోషం. నేనేమో రెండు చుట్లకొకసారి తిరగలి ఆపి ఊపిరి తీసుకుంటున్నాను.

ధాత నామ సంవత్సరం ఉగాది వెళ్ళాక నేను దూరం కాలేదు. నలభై దాటింది కదా, ముట్లుడిగే కాలం వచ్చిందన్నారు. కాబోలనుకున్నాను. కానీ ఒక సంగతి మాత్రం ఎంత ఆలోచించినా బోధపడదు. నెలనెలా నెత్తురు పోయినన్నాళ్ళూ ఒంట్లో ఓపిక ఉండేది. తలకు పోసుకుని ఇంట్లోకి అడుగుపెడితే కొత్త ఎద్దులా పని లాగేదాన్ని. ఇప్పుడు చుక్క పోవడం లేదు, కాళ్ళు పీకుతున్నాయి, కల్లం దగ్గర నిలబడే నిద్రపోతున్నాను. పోతే బలమేమిటి, నిలిస్తే నీరసమేమిటి?

పళ్ళిపట్టులో నాటు వైద్యం చేసే గోవిందస్వామి నాడి చూసి, “వేడి చేసిందమ్మా. నెత్తురు నిలిచింది గదా, బలం దానంతట అదే వస్తాది” అని లేహ్యమిచ్చాడు. లేహ్యం తీయగానే ఉంది. బలం రాలేదు. “తిని కూసుంటే ఒళ్ళు బరువెక్కదా మే?” అన్నాడు మా ఆయన ఆదికేశవులు. నేను కూర్చున్నది ఎప్పుడో కూడా చెప్తాడేమోనని చూశాను. చెరుకు తోటకు వెళ్ళిపోయాడు.

నిజమే, ఎప్పుడు కూర్చున్నాను? కూతురికి పాలిచ్చే రోజుల్లో కూడా ఒక చేత్తో చింతపండు గింజలు తీసినదాన్ని. వెతగ్గా వెతగ్గా పసుల కొట్టం పక్కనున్న పంచ గుర్తుకొచ్చింది. దూరమైన ఆ మూణ్ణాళ్ళూ నా చాప, నా చెంబు అక్కడే. కుండ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు, ఎవరూ నన్ను పనికి పిలవకూడదు. కడుపునొప్పికి ముడుచుకుని పడుకునేదాన్ని. నొప్పి తగ్గాక కూడా లేచేదాన్ని కాదు. వయసొచ్చిన కొత్తలో నన్ను మైలన్నారని ఎంత ఏడ్చానో! ఆ మైలే నన్నిన్నాళ్ళూ బతికించిందా? ఈ మాట ఎవరితో చెప్పుకోను? సిగ్గేసింది. ఆ నాళ్ళలో అత్త ఒక్కతే వంగి వంగి వండడమూ గుర్తొచ్చింది. నేను పడుకోవాలంటే ఆమె నడుము విరగాల్సిందేనా? తప్పు నాదో, ఆమెదో, ఇంకెవరిదో తెలియలేదు.

ఆడికృత్తిక పండగ ముందురోజు, తిరుత్తణి కొండ మీది స్వామికి కావళ్ళెత్తే చుట్టాలంతా బండ్లు కట్టుకుని మా ఇంట్లోనే దిగుతారు. ఆ పొద్దున లేవబోతే లేవలేకపోయాను. అప్పుడొక ఉపాయం తోచింది. దూరమయ్యానని చెప్తే సరి. అయ్యుండి దాస్తే పాపమని చిన్నప్పటినుంచీ విన్నాను. కాకుండానే అయ్యానంటే ఏ పాపమో ఎవరూ చెప్పలేదు. ఎలాగో లేచి, చాప చంకన పెట్టుకుని వెళ్ళి పంచలో కూర్చున్నాను.

అత్త వచ్చి అల్లంత దూరాన ఆగిపోయింది. వెనకే మా ఆయన.

“అయ్యో, మళ్ళా దూరమయినావా? ఇంత మంది వస్తా ఉండారే!” అన్నది అత్త.

తల ఊపితే చాలు. ఊపుదామనే అనుకున్నాను. కాస్త నడుం వాల్చడానికి నేను మైలనని ఒప్పుకోవాలా అని ఎక్కడలేని రోషం వచ్చింది.

“లేదత్తా, దూరం కాలా. అలుపుగా ఉండాది” అన్నాను.

“అంటే?” అన్నాడు ఆయన.

“అంటే అలుపే. కూసున్నా.”

“మరి పొయ్యెవురు ముట్టిస్తారు?”

నేను చాప మీద కొంచెం పక్కకు జరిగి, “నువ్వూ కూసో అత్తా” అన్నాను. అత్త ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కి తీసి, కొడుకు ముఖం చూసింది. ఆయన వంటింటి వైపు చూశాడు. దూరమైన ఆడదాన్ని ఏం చేయాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అలసిన ఆడదాన్ని ఏం చేయాలో ఒక్కరికీ తెలియలేదు.