తుంగలో ఎండిన మచ్చ

భూమిలో పాతిన గ్యాస్ పైపులైను మీద గడ్డి కోయించే పెత్తనం నాకు దక్కిన మొదటి రోజది. పొద్దున్నుంచీ నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. కోత బండి నడిపేది మా అక్క మొగుడు. ఇంట్లో నన్ను ఏడిపించుకు తినే మనిషి ఇవాళ నేను చెప్పినట్టు వినాలి, అంతకన్నా నాకేం కావాలి? అందరూ నన్ను మేస్త్రీ అంటున్నా అతను మాత్రం చచ్చినా అననని భీష్మించుకున్నాడు.

చిత్తడి నేలలో మా పని తీరే వేరు. పైపు మీద సన్నటి బాట మాత్రం కోస్తాం. వాగు గట్టును పట్టి ఉంచే చెట్ల జోలికి పోం. నీళ్ల దగ్గర కలుపు మందు పడిందా, పడేసినవాడి ఉద్యోగం ఊడినట్టే.

వాగుకు ఇవతల బావ బండి నిలిపాడు కానీ ఇంజను ఆపలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏపుగా పెరిగిన తుంగ మధ్య గుండ్రంగా ఒక మచ్చ ఎండిపోయి ఉంది. పోయిన వారం మందు డబ్బా మోసుకుంటూ ఈ దారినే వాగు దాటాడట. మూత వదులై కారిందేమోనని అతని భయం.

“కోసేస్తే అంతా ఒకేలా ఉంటుంది. నువ్వు చూడనట్టు ఊరుకో, చాలు.”

నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. అక్క ముఖం కళ్లముందు మెదిలింది. అయినా కోయొద్దని చెప్పి బురదలోకి దిగాను. డబ్బా కారితే అతను నడిచిన దారంతా చారలా ఎండాలి. ఈ మచ్చ సరిగ్గా పైపు మీదే ఉంది. మధ్యలో నీళ్లలోంచి బుడగలు వస్తున్నాయి. బురదలో అడుగు వేస్తే బుడగలు రావడం మామూలే, కదలకుండా ఉంటే ఆగిపోతాయి. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అవి ఆగలేదు.

భయం కొంచెం, సంతోషం బోలెడు.

“బావా, ఇంజను ఆపు. అది నీ మందు కాదు, పైపులోంచి గ్యాస్ కారుతోంది. తుంగ ఎండింది దానికే.”

ఇంజను ఆపి ఒక్క దూకు దూకాడు. ఇద్దరం గాలికి ఎదురుగా పరుగెత్తాం. బాగా దూరం పోయాక కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. వెంటనే వాల్వు మూసేస్తామన్నారు. పెళ్లి కుదిరినదానిలా ఆ గంతులేమిటని బావ వెక్కిరించాడు. ప్రాణం లేచొచ్చింది కదా, నోరూ లేచింది.

మచ్చను మొదట చూసిందెవరని అవతలివాళ్లు అడిగారు. మా డ్రైవరని చెప్పి ఫోన్ అతని చేతిలో పెట్టాను.

“చూసింది నేనే సార్. నా తప్పేమోనని కోసేయబోయాను. మా మేస్త్రీ కోయనివ్వలేదు.”

నేను గబుక్కున ముఖం అటు తిప్పుకున్నాను. కళ్లు తుడుచుకుంటుంటే చూశాడంటే, ఇంట్లో నన్ను బతకనివ్వడు.