గోడమీఁది పొట్లవిత్తు

నా భార్య యచ్చాయమ్మ వ్యాధిచేతఁ జావలేదు. ఆమె తమ్ముఁడు గవరయ్య నావ విప్పకపోవుటచేతఁ జచ్చినది. ఇది జరిగిన సంగతి. దీనికి సాక్ష్యము లక్కఱలేదు.

జ్యేష్ఠమాసాంతమునఁ బ్రచండభానుని కరాగ్నిచే దగ్ధమై బీటలువాఱిన మా యేటియొడ్డు పొలములమీఁదికిఁ బడమటి కొండలనుండి నీలజీమూతపంక్తులు మదగజయూథములవలె మెల్లమెల్లఁగా దిగివచ్చి మధ్యాహ్నముననే సంధ్యాభ్రాంతిఁ గల్పించి తాటిమట్టల నల్లలనాడించి ధూళిని సుడులు త్రిప్పి తుదకుఁ దొలకరిచినుకులను విడువఁగా దప్పిగొన్న నేలనుండి లేచిన మృత్సౌరభము మా పెరటిదాఁక వ్యాపించెను. ఆ సౌరభమునకు సంతసింపని మానవుఁడుండఁడు. నేను సంతసింపలేదు. వాన కురిసిన నేఱు పొంగును. ఏఱు పొంగిన నాకు గవరయ్య జ్ఞప్తికి వచ్చును.

గడచిన భాద్రపదమున జ్వరము ముదిరి యచ్చాయమ్మకు మాట పడిపోయినప్పుడు ఏటికావలి యాసుపత్రికిఁ గొనిపోవుటకు నావ తప్ప వేఱు దారి లేదు. నావ గవరయ్యది. నేను పోయి యడిగితిని. "బావా, ఏఱు నిండుగా నున్నది. నడుమ సుడి తిరుగుచున్నది. తెల్లవాఱనిమ్ము" అని వాఁడనెను. తెల్లవాఱినది. అప్పటికామె లేదు.

అది మొదలు నాకు నిద్ర లేదు. దవడలు బిగపట్టుటచేఁ బండ్లు కదలినవి. అన్నము ముందఱఁ గూర్చుండి గవరయ్యతో లోలోపల వాదించుటయు వాదము ముగియకమున్నే యన్నము చల్లాఱుటయు నా దినచర్య యయ్యెను. పెరడు పాడువడెను. పెరడు అచ్చాయమ్మది. ఆమె జీవించియున్న కాలమున నేనందుఁ గాలిడి యెఱుఁగను. నేను కోపించి యఱచినప్పుడెల్ల నామె మాఱుపలుకక గునపము తీసికొని పాదులలోనికిఁ బోయెడిది. పోవునప్పుడు కందిన ముఖము వచ్చునప్పటికిఁ గడిగిన పళ్లెమువలె నిర్మలమై యుండెడిది.

"మట్టిలో నేమి పాతిపెట్టి వచ్చితివి?" అని యొకమా ఱెగతాళి చేసితిని.

"మీ మాటలనే. మట్టి యేమియు ననుకొనదు" అని యామె చేతులు కడిగికొనెను.

ఆమె పోయిన నెలకే పందిళ్లు కూలి పాదులు పశువులపాలయ్యెను. మిగిలినవి తూర్పుగోడకుఁ గొట్టిన పిడకలు మాత్రమే. వానిని దినమున కొకటి రెండు చొప్పున నూడఁబెఱికి నీళ్లపొయ్యిలోఁ బెట్టుచుంటిని. అవి కాలునప్పుడు చిటపటలాడుచుండెను.

తొలకరి పడిన మఱునాఁటి యుదయమునఁ బొరుగింటి పైడమ్మ కంచెమీఁదుగాఁ దల యెత్తి చూచెను. ఈమె నాకుఁ బిన్ని వరుస. నోరు పెద్దది.

"ఓయి యెఱ్ఱన్నా! పొట్లగింజలు వేపుకొని తినుచుంటివా? వాసన మా యింటిదాఁక వచ్చుచున్నది."

"గింజలెక్కడివి పిన్నీ? పిడకలు వానకుఁ జెమ్మగిల్లినవి."

ఆమె కంచె త్రోసికొని వచ్చి పొయ్యిలోనికిఁ జూచి నెత్తి బాదుకొనెను. "నీ చేతులు విఱుగ! ఇవి పొయ్యిపిడకలా? అచ్చాయమ్మ పురుగు పట్టకుండ విత్తులను పేడలోఁ బొదిగి గోడకుఁ గొట్టి దాఁచినవి గదా! వాండ్ల యమ్మనాఁటి చాఱలపొట్ల. ఈ యూర మఱియొకరి పెరట లేదు. ముప్పదియేండ్లు కాయలు తింటివి. విత్తెక్కడ నుండునో యొక్కనాఁడైన నడిగితివా? పిడకపై నామె యైదు వ్రేళ్లును నుండెనే, చూడవైతివా?"

"పిడకపై వ్రేళ్లు గాక వేఱేమి యుండును?" అంటిని.

అని లోపలికిఁ బోయి కూర్చుంటిని. తొమ్మిదినెలలు నేను నా భార్య చేతులను పొయ్యిలోఁ బెట్టితిని. ఈ పని గవరయ్య చేసినది గాదు. అందుచేతనే యది మఱింత దుస్సహమయ్యెను.

మూఁడుదినములు వాన విడువలేదు. నాలవనాఁడు వెలసిన వెంటనే బూడిదయెత్తుటకుఁ బెరటిలోనికిఁ బోయితిని. తూర్పుగోడమీఁదఁ జూరుక్రింద నా చేయి యందని యెత్తున నొక్క పిడక మిగిలి యుండెను. ఆమె పీఁట యెక్కి కొట్టి యుండును. చూరునీరు కాఱి కాఱి యది మెత్తఁబడి యుండెను. అప్పుడే మబ్బు విచ్చి పడిన లేయెండలో నామె యైదువ్రేళ్ల ముద్ర నిన్ననే యద్దినట్లు స్పష్టమై కనఁబడుచుండఁగా నందలి నడిమివ్రేలి పల్లమునుండి విత్తుపొట్టును దలపై మోచికొని రెండాకులను నమస్కారమునకుఁ జేర్చిన కరయుగళమువలె జోడించి యొక పచ్చని మొలక గోడనుండి యాకాశముకడకు వంగి నిలిచియుండెను. నా చేతిలోని బూడిదతట్ట జాఱిపడెను. నేను నాస్తికుఁడను గాను, భక్తుఁడను గాను. ఆ క్షణమున మాత్రము నా మోఁకాళ్లు వాటంతట నవే వంగినవి.

"వేరు తాఁకవలదు. పిడకతోఁ గూడ దింపుము. పురిటిబిడ్డ ననుకొనుము" అని, నేను పీఁట యెక్కుచుండఁగా వచ్చిన పైడమ్మ క్రిందనుండి గద్దించెను. దింపితిని. పాదు త్రవ్వఁబోఁగా "గునపము నట్లు పట్టుదురా? పామును జంపుచుంటివా?" అని నవ్వెను. అర్వదియేండ్ల ప్రాయమున మట్టి త్రవ్వుట నేర్చుకొంటిని.

అది యొక్కటే మొలక. అది పోయిన నచ్చాయమ్మ విత్తు భూమిమీఁద నుండదు. కావున ఉదయమున నీరు పోయుటయు మధ్యాహ్నమునఁ గొబ్బరిమట్ట నీడ పెట్టుటయు సాయంకాలమున నాకాకును ద్రిప్పి పురుగులేఱుటయు నాకుఁ బని యయ్యెను. నులితీఁగ గాలిలో నాధారమును వెదకుకొనుచుండఁగాఁ బుల్ల నందించితిని. అది జామునకే పుల్లను మూఁడుచుట్లు చుట్టుకొనెను. ఒకనాఁడు పందిరి కట్టి లేచిన పిమ్మట, ప్రొద్దుననుండియు గవరయ్యను దలఁపలేదని తోఁచెను. ఎవరో నా సొత్తపహరించినట్లు కోపము వచ్చెను. కాని యానాఁడు నిద్ర వచ్చెను.

ముందుగా మగపూలే పూచి రాలెను. నేను దిగులుపడితిని. "మగవాఁడు ముందుగా వచ్చి యూరక రాలిపోవును. పని చేయునది వెనుక వచ్చును" అని పైడమ్మ నన్నుఁ జూచి నవ్వెను. శ్రావణమున నొక సంధ్యవేళ దీపము పెట్టుసమయమునకు దారమంత సన్నని పిందెను గర్భమున ధరించి యొక యాఁడుపువ్వు విచ్చెను. ఐదు తెల్లని ఱేకులును అంచులనుండి వేయిపోగులై విడిపోయి సాలెవాఁడు నేయనేరని సన్నని జాలరు లల్లుకొనుచు నా కన్నులయెదుటనే విచ్చికొనఁగా నిట్టి శిల్పమును జీఁకటిపడువేళ నెవ్వరును జూడని పెరట నేల విప్పవలయునని విస్మితుఁడనైతిని. ముప్పదియేండ్లు ఇది యిక్కడనే జరుగుచుండెను. ఆమె యొక్కతయే చూచినది.

పిందె నిలిచెను. కాయ వంకరపోకుండఁ గొనకు ఱాయి కట్టుట వాడుక. గోడగూటిలో దారముతోడనే యామె ఱాయి దొరకెను. కట్టితిని. కాయ పండి యెఱ్ఱనై పగిలెను.

ఆ దినముననే గవరయ్య కంచెకావలఁ గాననయ్యెను. వాని చేతులమీఁద నావత్రాటికిఁ గాచిన కాయలు నల్లఁగా నుండెను.

"బావా, అమ్మ విత్తు మా పెరటిది ఆనాఁటి వఱదలోఁ గొట్టుకొనిపోయినది. అక్క చేతిది నీయొద్ద నున్నదని పైడమ్మ చెప్పినది."

"అక్క చేతిది పొయ్యిపాలైనది. పెట్టినవాఁడను నేనే."

వాఁడు పోలేదు. ఆ యెఱ్ఱనిగుజ్జును వాని ముఖమునఁ గొట్టవలయునని నా చేయి లేచినది. లేచిన చేతినిండ విత్తులుండెను. కొట్టలేకపోతిని. పేడ తెచ్చి సగము విత్తులను బొదిగి చఱచి పచ్చిపిడకను వాని దోసిట నుంచితిని. "చూరుక్రిందఁ గొట్టుము. ఎత్తునఁ గొట్టుము. నావంటివాని చేయి యందరాదు" అంటిని.

వాని కన్నులు నిండెను. "బావా, ఆనాఁ డేఱు..."

"విత్తునకు వచ్చితివి. విత్తు నిచ్చితిని. పొమ్ము."

పోయెను. తక్కిన సగమును బీఁట యెక్కి తూర్పుగోడమీఁద నామె పిడక విడిచిపోయిన గుండ్రని మచ్చప్రక్కనే కొట్టితిని. ఐదువ్రేళ్లును దిగినవి. మట్టి యేమియు ననుకొనదు. నేను మట్టిని గాను గాన గవరయ్యను క్షమింపలేదు. కాని యా నావమాట నిదే కడసారి చెప్పితిని. ఇఁక నెవ్వరడిగినను నెన్నఁడును జెప్పను.